నాన్నకి తగ్గిన హార్మోన్ వేరే

నాన్నకి 61. కవిటి దగ్గర మా ఊళ్లో కొబ్బరి, జీడి తోటలు చూసుకునే మనిషి. పోయినేడాది సంక్రాంతికి వెళ్తే, తోటకి నడుస్తూ మధ్యలో గట్టు మీద కూర్చుండిపోయాడు. ‘ఏటైంది నాన్నా?’ అంటే ‘ఏటీ నేదురా, వయసైపోనాది. ఒంట్లో సత్తువ నేదు’ అన్నాడు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ప్రాబ్లమ్ కనబడితే ఫోన్ తీసి వెతకడం అలవాటు. రెండు రాత్రులు వెతికితే డీహెచ్ఈఏ దొరికింది. కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే హార్మోన్ అది. ఒక రకంగా ముడిసరుకు. మన శరీరం దాన్నే టెస్టోస్టెరాన్‌గా, ఈస్ట్రోజెన్‌గా మార్చుకుంటుంది. ఇరవైల్లో దండిగా ఉంటుంది, డెబ్భై దాటేసరికి పదో ఇరవయ్యో శాతమే మిగులుతుంది. తగ్గిందా, నింపేస్తే సరి. నా లాజిక్ అంతే!

అమెరికాలో 1994 చట్టం తర్వాత దాన్ని డాక్టర్ చీటీ లేకుండానే అమ్ముతున్నారు. అక్కణ్నుంచి వస్తున్న ఫ్రెండ్‌తో డబ్బా తెప్పించాను. 25 మిల్లీగ్రాములు, రోజుకొకటి.

రెండు నెలలు వేసుకున్నాడు. ఎప్పుడడిగినా ‘బాగుందిరా’ అనేవాడు. కొడుకు తెప్పించిన మందు బాగోలేదని ఏ తండ్రి అంటాడు? ఓ రోజు అమ్మ ఫోన్. ‘మీ నాన్న కాళ్లు వాచిపోతన్నాయి బాబూ.’

డాక్టర్ గారు డబ్బా అటూ ఇటూ తిప్పి చూశారు. ‘క్రియాటినిన్ ఎప్పుడైనా చేయించారా?’ అనడిగారు. నా దగ్గర జవాబు లేదు.

నేను ఉద్దానంలో పుట్టినోణ్ణి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు... కిడ్నీ జబ్బు సంగతి వినకుండా పెరిగినవాళ్లు మా వైపు ఉండరు. జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రే తెరిచారు. ఇవన్నీ తెలిసి కూడా, మా ఇంటికొచ్చేసరికి దాన్ని వయసనుకున్నాం.

క్రియాటినిన్ 3.1. హిమోగ్లోబిన్ 8.4.

ఎర్ర రక్తకణాలు తయారుచెయ్యమని ఎముక మజ్జకి చెప్పే హార్మోన్ ఎరిత్రోపొయిటిన్. అది ఎక్కువగా కిడ్నీలోనే పుడుతుంది. విటమిన్ డి కూడా ముడిసరుకే, దాన్ని పనిచేసే హార్మోన్‌గా మార్చేది కూడా కిడ్నీయే. అంటే నాన్నకి నిజంగానే హార్మోన్ తగ్గింది. నేను తెప్పించింది మాత్రం వేరేది.

‘కిడ్నీ నా డబ్బా వల్లే పాడైందా సార్?’ అని భయపడుతూ అడిగాను. ‘అలా చెప్పలేం. కానీ రెండు నెలలు పోయాయి కదా’ అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

తర్వాత చదివాను. 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఓ అధ్యయనం వచ్చింది. పెద్ద వయసువాళ్లకి రెండేళ్లపాటు డీహెచ్ఈఏ ఇచ్చి చూస్తే, శరీర సామర్థ్యంలో గానీ, జీవన నాణ్యతలో గానీ చెప్పుకోదగ్గ మేలేం కనబడలేదట. ఆ రెండు రాత్రుల్లో నేను వెతికింది నాకు కావాల్సిన జవాబు కోసమే.

మీ ఇంట్లో ఎవరైనా ‘వయసైపోయింది’ అంటే డబ్బా కొనకండి. ముందు ఒక రక్తపరీక్ష చేయించండి.

నాన్నకి ఇప్పుడు ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. మొన్న ఫోన్‌లో ‘తోట దాకా ఎల్లొచ్చానురా, బాగుంది’ అన్నాడు. సంతోషమే. అయినా ‘రిపోర్టు ఫొటో పెట్టు నాన్నా’ అన్నాను.

హిమోగ్లోబిన్ 10.2. ఈసారి నిజంగానే బాగుంది.