ఆట ఎవరి సొత్తు?

స్త్రీల పత్రికలో ఫుట్‌బాలు ప్రసంగమేమని మీరు నవ్వుకొనవచ్చును. కాని నేడు ఆ ఆటను గూర్చి సాగుచున్న వివాదము కేవలము ఆటకు సంబంధించినది కాదు. ఒక్కని ధనముపై పలువురి బ్రతుకు ఆధారపడియున్నచోట న్యాయమెట్లు నిలుచునన్నదే ఆ వివాదము. ఇల్లు నడుపు మనకంటె ఈ ప్రశ్న నెరిగినవారెవరు?

మావారు ఉపాధ్యాయులు. సెలవుదినములలో బడిపిల్లలు వికారాబాదులోని మా వసారాలో చేరి చెల్సీ యనియు మాంచెస్టరనియు విదేశపు జట్ల పేర్లు వల్లించుచుందురు. మేము పప్పు చెరుగుకొనుచు వినుచుందుము. తెలియనిది వారినే అడిగి తెలిసికొందుము. 2003లో అబ్రమోవిచ్ అను రష్యా ధనికుడు లండనులోని చెల్సీ జట్టును కొనెను. 2008లో అబూధాబి రాజవంశీయుడైన షేక్ మన్సూర్ మాంచెస్టరు సిటీని కొనెను. 2011లో ఖతారు దేశపు ధనము పారిస్ జట్టును చేరెను. ఆ పారిస్ జట్టే 2017లో నెయ్‌మార్ అను ఒక్క ఆటగానికై 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించెను!

ధనవంతుడు తన ధనము వెచ్చించిన మనకేమి నష్టమని కొందరందురు. నష్టమున్నది. ఒక జట్టు జీతములు రెట్టింపు చేసినచో తక్కిన జట్లును పెంచవలెను. లేనిచో తాము పెంచిన పిల్లలను పోగొట్టుకొనవలెను. అప్పుచేసి పెంచినవారు ఓడిరా, అప్పు మిగులును. 1885లో పుట్టిన బెరీ అను జట్టు 2019లో, యజమాని తగిన ధనమును చూపలేకపోయినందున, లీగునుండియే వెలివేయబడెను. ఆదాయమునకు మించి వ్యయము చేయరాదని యూరపు ఫుట్‌బాలు సంఘమువారు 2011 నుండి నియమమును అమలు పరచిరి. మంచిదే, కాని అదివరకే ఆదాయము మెండుగా గలవానికి ఆ నియమము కోటగోడయైనదనియు, క్రిందివాడు పైకెక్కు నిచ్చెనను తీసివేసినదనియు చెప్పువారును గలరు.

ఈ కథలో మనవారికిని భాగమున్నది. మన దేశమున కోళ్ల పరిశ్రమకు బాటవేసిన బండా వాసుదేవరావుగారు 1971లో హైదరాబాదున వేంకటేశ్వర హ్యాచరీస్ సంస్థను స్థాపించిరి. నేడది పూనా కేంద్రముగా నడచుచున్నది. వారి కుమార్తె అనూరాధా దేశాయిగారు దాని యధ్యక్షురాలు. 2010 నవంబరులో ఆ సంస్థ ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ రోవర్స్ జట్టును కొన్నది. స్త్రీ నాయకత్వమున నున్న సంస్థ అంతటి జట్టును కొన్నదని విని మేము గర్వించితిమి.

బ్లాక్‌బర్న్ సామాన్యపు జట్టు కాదు. ఆ యూరివాడే, ఉక్కు వ్యాపారమున ధనము గడించిన జాక్ వాకర్, ధారాళముగా వెచ్చింపగా 1995లో ఇంగ్లండు విజేతయైనది. అదియు ధనబలమే; ఆనాడును తక్కిన జట్లు గొణిగినవి. కాని వాకర్ ఆ యూరి వీధులలో పెరిగినవాడు. క్రొత్త యజమానులు సముద్రములకు ఇవతలనుండిరి. కొన్న కొలది వారములకే శిక్షకుని తొలగించిరి. 2012లో జట్టు పై తరగతినుండి జారినది. ఆనాటి ఆటలో అభిమాని యెవడో జట్టు రంగుల గుడ్డ కప్పిన కోడిని మైదానములోనికి వదలెను! 2017లో మూడవ తరగతికి దిగి, మరుసటి యేట ఒక మెట్టు తిరిగి యెక్కినది. న్యాయముగా ఒక మాట చెప్పవలెను: యజమానులు విడిచిపోలేదు; ఏటేట నష్టములను భరించుచు వచ్చిరి. అయినను ఆ యూరివారి దుఃఖము ధనము చాలలేదని కాదు, తమ మాట వినువారు లేరని.

ఇక మన హైదరాబాదు మాట. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. దాని శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీముగారు బడిపంతులే! 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టును నాలుగవ స్థానమునకు చేర్చినవారును, 1962లో ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిపించినవారును వారే. ఆనాడు వెనుక కోటీశ్వరులు లేరు; పోలీసు కొలువు, పంతులుగారి ఓర్పు ఉండెను.

2019లో కొందరు ధనికులు హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బును స్థాపించిరి. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును ఓడించి ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగు గెలిచినపుడు మా వసారాలో పిల్లలు ఎగిరి గంతులు వేసిరి. ఏడాదిన్నర తిరుగకమునుపే జీతముల బకాయిలు బయటపడెను. క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని అంతర్జాతీయ సంఘము నిషేధించెను. ఉన్నవారు ఒక్కరొక్కరే వెడలిపోయిరి. 2024లో విజేతల జట్టు అట్టడుగున నిలిచెను. ఆ యేడే యజమాని మారెను. 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరే మార్చుకొనెను. ఊరును అడిగినవారు లేరు.

ఇది కోట్ల కథయే యనుకొనకుడు. మేము తాండూరులో నున్న కాలమున ఒక ధనికుడు బడిజట్టుకు బంతులు, బూట్లు, వలలు ఇప్పించెను. అందరము దీవించితిమి. మరుసటి యేట తన మేనల్లుని జట్టునాయకునిగా చేయుమనెను. ఆట చూచి యెన్నుకొందుమని మావారనిరి. వారము తిరుగకమునుపే వలలు, బంతులు తిరిగిపోయెను. బండలు మెరుగుపెట్టు కార్ఖానాలో కూలిచేయు తల్లి యొకతె మా వాకిట నిలిచి, “అమ్మా, మా పోరగాడు ఏం తప్పు జేసిండు?” అని అడిగినది. బదులు చెప్పలేక మేము లోనికి పోయి సోలెడు కందులు తెచ్చి చేటలో పోసితిమి. అది చూచి ప్రక్కయింటివారు పోసిరి; వీథి వీథియు పోసినది. ఆ కందులమ్మి రెండు బంతులు కొంటిమి. ఆ యేడు మా పిల్లలు వట్టి కాళ్లతో ఆడి ఓడిరి. కాని ఆ బంతులను ఎవరును మరల అడుగలేదు.

నిండుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్న మనమందర మెరిగినదే: నన్ను పందెమొడ్డుటకు హక్కు ఎవరికున్నది? ఊరి జట్టును గూర్చియు అదే యడుగవలెను. ధనమిచ్చినవాడు బంతులకు, భవనములకు యజమాని కావచ్చును. పిల్లల చెమటకును ఊరివారి ప్రేమకును కాజాలడు. జర్మనీలో సాధారణముగా సగముకంటె ఒక వోటెక్కువ క్లబ్బు సభ్యుల చేతనే యుండవలెనని కట్టడి. 2021 ఏప్రిలులో యూరపులోని పండ్రెండు గొప్ప జట్లు తమకు మాత్రమే ప్రత్యేకపు లీగును ప్రకటింపగా, అభిమానులు వీథులకెక్కుటచే ఇంగ్లండులోని ఆరు జట్లును మూడవనాటికే వెనుకకు తగ్గినవి. 2025లో ఇంగ్లండువారు క్లబ్బులను కనిపెట్టుటకు శాసనముచే ఒక అధికారిని నియమించుకొనిరి. అడిగినవారికే జవాబు లభించినది.

దాతలు వలదని మేమనము. దానము లేనిదే బడులును గుడులును లేవు. కాని ఇచ్చినవాడు అలిగిన మరునాడు పొయ్యి ఆరిపోవు ఇంటిని ఏ గృహిణియు చక్కనిదనదు. కనుక మీ యూరి బడిలో జట్టు కట్టునపుడు, గొప్పవారి చందాతోపాటు మీ సోలెడు గింజలును అందు పడనిండు. లెక్కలు చూచుచోట మీరును కూర్చుండుడు.