నవ్వించబూనిన వాని సభాకంపం

సభాకంపం అందరికీ ఒక్క తీరున కలుగదు. గంభీరోపన్యాసం చేసేవాడు సభ నిశ్శబ్దంగా ఉంటే శ్రద్ధగా వింటున్నారని సంతోషించవచ్చు. విషాదపాత్ర ధరించిన నటునికి నిశ్శబ్దమే సన్మానం. హాస్యం చెప్పబూనిన వానికి మాత్రం అదే శిక్ష. అదీ వాక్యానికొక మారు. గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవంలో హాస్య ఏకపాత్రాభినయానికి తొలిసారి పేరిచ్చిన నాటి నుండి ఈ సంగతి నాకు బోధపడసాగింది.

దేహంలో జరిగేది విజ్ఞానశాస్త్రం చదివే మిత్రులకు తెలిసినదే. భయం వేళ అడ్రినలిన్ స్రవించి గుండె వేగం హెచ్చుతుంది, నోరు ఎండుతుంది, చేతులు వణుకుతాయి. శరీరం పోరాటానికో పలాయనానికో సిద్ధపడుతుంది. వేదికపై రెండింటికీ వీలులేదు. ఊపిరిని పీల్చినదానికంటె ఎక్కువసేపు నెమ్మదిగా విడిచితే గుండె కొంత శాంతిస్తుంది. మొదటి నాలుగు వాక్యాలను నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేటట్లు వల్లె వేశాను. ఇవన్నీ పనికివచ్చాయి. కాని నా అసలు భయం వీటికి లొంగేది కాదు.

నేను ఎన్నుకొన్న పాత్ర మా ఇంటి భాష మాట్లాడే ఒక ముసలమ్మ. "నక్కో", "హౌ", "కైకు" అన్న మా దక్కనీ మాటలు సినిమాలలో వినబడగానే జనం నవ్వడం చిన్ననాటి నుండి చూస్తున్నాను. ఆ నవ్వు చెప్పిన సంగతికి కాదు, చెప్పినవాని నాలుకకు. మా అమ్మ మాటను నలుగురి ఎదుట నవ్వులపాలు చేయబోతున్నానా? నా గుండెదడకు కారణం ఇదే. ఆ సందేహం తీర్చినది దక్కనీ కవి సులేమాన్ ఖతీబ్ (1922-1978) మార్గం. సామాన్యుల ఇళ్ల అగచాట్లను ఆ యాసలోనే చెప్పి, నవ్వుతున్న సభచేతనే కంటతడి పెట్టించిన కవి ఆయన. హైదరాబాదులో బబ్బన్ ఖాన్ 1965లో ప్రారంభించిన "అద్రక్ కే పంజే" నాటకం కూడ అధిక సంతానం, అల్పాదాయం గల ఇంటి గోడే గదా! అక్కడ యాస నవ్వులాట వస్తువు కాదు. లోకాన్ని చూసే కన్ను. కనుక నా ముసలమ్మ నవ్వుల పాలు కాదు, తానే రేషను దుకాణదారును, పెండ్లిళ్ల పేరయ్యను, చదువుకొన్న మనుమడిని చూసి నవ్వుతుంది.

తెర లేచింది. మొదటి చతురోక్తి తెలుగులో. కుడివైపు వరుసలు నవ్వాయి. ఉర్దూ మాధ్యమం వారు కూర్చున్న ఎడమవైపు ఉలుకూ పలుకూ లేదు. నాలుక అంగిటికి అంటుకొన్నది. మూడు నాలుగు క్షణాలు గడిచాయో లేదో, ఎడమవైపు నుండి నవ్వు పుట్టుకొచ్చింది. ప్రక్కనున్న మిత్రుడు చెవిలో అర్థం చెప్పాడన్నమాట! తరువాత దక్కనీలో అన్న మాటకు ఎడమవైపు ముందు నవ్వింది, కుడివైపు వెనుక. నేను మరణదండనగా భావించిన నిశ్శబ్దంలో నిజానికి అనువాదం జరుగుతున్నది. అది తెలిసిన పిమ్మట ఆ వ్యవధిలో తొందరపడక, ముసలమ్మ చేత తమలపాకుకు సున్నం రాయిస్తూ నిలిచాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. డెబ్బది ఏండ్ల పాత్రకు అవి మరింత తగినట్లున్నాయని తరువాత కొందరన్నారు. నేను కాదనలేదు.

ప్రదర్శన ముగిసిన తరువాత మా అమ్మ స్త్రీల వరుసలలోనుండి లేచి వచ్చింది. యాస గురించి ఏమంటుందోనని నిలబడ్డాను.

"చూనా భోత్ లగాయా రే," అన్నది. అంత సున్నం రాస్తే ముసలిదాని నోరు పొక్కదా అని ఆమె బెంగ.