కువైట్ మేడలు, అమెరికా తాళాలు

ఆత్మకూరు, బుధవారం రాత్రి

అక్కకు,

క్షేమంగా చేరాను. నెల్లూరులో రైలు దిగి, బయట టిఫిను తిని, నేరుగా ఆత్మకూరు బస్సెక్కాను. బుచ్చిరెడ్డిపాళెం దాటేదాకా అటూ ఇటూ నారుమళ్లే. సంగం దగ్గర పెన్న నిండుగా ఉంది. 2022లో ప్రారంభించిన కొత్త బ్యారేజీ మీద జనం నిలబడి ఫోటోలు దిగుతున్నారు. అది దాటాక నేల రంగు మారింది. కాలువ అందినచోట పచ్చదనం, అందనిచోట రాళ్లూ తుమ్మచెట్లూ. నెల్లూరు పేరు వినగానే మనకు మొలగొలుకులే గుర్తొస్తాయి గానీ, జిల్లా పడమటి సగం మెట్ట.

మొన్న ఫోనులో మనవాడు హ్యూస్టన్ నుంచి ఒక మాట అడిగాడు, గుర్తుందా? వాళ్ల వీధిలో నైజీరియా నుంచి వచ్చిన దంపతులున్నారట, ఇద్దరూ డాక్టర్లు. అదే వీధిలో ఒక ముసలాయనకు సేవ చేసే ఆవిడది బెలీజ్ అనే చిన్న దేశమట. "అందరూ నల్లవాళ్లే, అందరూ బయటినుంచి వచ్చినవాళ్లే, ఇంత తేడా ఎందుకు మామయ్యా?" అన్నాడు. నైజీరియావాళ్లు కష్టపడతారు కాబట్టి అని ఎవరో చెప్పారట. నాకది నమ్మబుద్ధి కాలేదు. ఈ ఊళ్లలో ఒకే వీధి నుంచి ఒకరు కువైట్‌కూ ఒకరు అమెరికాకూ పోయారు కదా, ఇక్కడే చూద్దామనుకున్నాను.

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ కువైట్ నుంచి సెలవు మీద వస్తోంది. పొద్దున చెన్నైలో దిగిందట. కాళ్ల దగ్గర తాళ్లతో బిగించిన అట్టపెట్టె, ఒడిలో జిప్పు సంచీలో కువైట్ దుప్పటి. అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. యాభై దినార్లతో మొదలుపెట్టి ఇప్పుడు నూటపదికి వచ్చిందట. దినారు 285 రూపాయలు దాటింది కాబట్టి నెలకు ముప్పైవేల పైచిలుకు. తిండీ పడకా వాళ్లవే. ఇల్లు కడుతున్నావా అని అడిగాను.

"మొదటి తూరి పొయినప్పుడు పునాది ఏసినామన్నా. రెండో తూరికి గోడలు. మూడో తూరికి స్లాబు. ఈ తూరి రంగులేసి గృహప్రవేశం చేసుకుంటే, మళ్లీ పొయ్యేది పిల్ల పెళ్లికే" అంది.

ఒక్కో ఒప్పందం రెండేళ్లు. ఆ లెక్కన ఆ ఇల్లు కట్టడానికి పట్టిన కాలం ఆవిడ కూతురి చిన్నతనమంతా. ఈ మాట నేను పైకి అనలేదు. ఆవిడకు తెలియనిది కాదు.

నీ తమ్ముడు

ఉదయగిరి, శుక్రవారం

అక్కకు,

ఈ ఊరు కొండ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. కొండ మూడువేల అడుగుల పైమాటే. 1514లో కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి గజపతుల దగ్గర్నుంచి దుర్గాన్ని గెలుచుకున్నాడు. గెలిచి, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి నుంచి బతకబోయినవాళ్లలో అందరికంటే సీనియర్ ఆ కృష్ణుడే, ఇంతవరకూ తిరిగి రాలేదు అని ఇక్కడి లెక్చరరొకాయన నవ్వాడు.

పోవడానికి కారణం ఎవర్నడిగినా నీళ్లతోనే మొదలుపెడతారు. సోమశిల 78 టీఎంసీల జలాశయం. దాని ఉత్తర కాలువ ఆత్మకూరు వైపు పొలాలకు అందింది, ఈ గట్టుకు ఎక్కలేదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొస్తాయని 1996లో శంకుస్థాపన నాటినుంచి చూస్తున్నారు. బోరు పడితే బత్తాయి, పడకపోతే అప్పు. ఊళ్లో మిగిలిన పని చెక్క చెంచాలది. నర్ది, దేవదారు చెక్కతో గరిటెలూ చెంచాలూ ఫోర్కులూ చెక్కుతారు. ఎక్కువమంది ముస్లిం ఇళ్ల ఆడవాళ్లే. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నీకు రెండు అట్లకాడలు కొన్నాను. కొట్టు నడిపే ఖాలాను అడిగితే, పనికి పేరుంది గానీ కువైట్ జీతంతో పోటీపడే కూలి లేదు బాబూ అంది.

ఇక పోయే దారి చెబుతాను. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. అంటే గల్ఫు సహా పద్దెనిమిది దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే మన ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. 1983 చట్టం పెట్టిన నియమమిది. ఇంటిపనికి పోయే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలి, ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే పోవాలి. పది లక్షల బీమా కూడా ఉంటుంది. కాగితం మీద అది రక్షణ. తొందరున్న మనిషికి అడ్డంకి. అందుకే ఏజెంటు విజిట్ వీసా మీద దుబాయో మస్కటో చూపించి అక్కడినుంచి దాటిస్తాడు. ఆ క్షణం నుంచి బీమా లేదు, లెక్కలో పేరూ లేదు.

అక్కడ ఇంటిపనివాళ్లకు ఖద్దామా వీసా. అకామా, అంటే నివాస అనుమతి, ఎవరి పేరున కొడితే ఆ కఫీల్ (యజమాని) ఇంట్లోనే పని. 2015లో కువైట్ చట్టం చేసి వారానికొక సెలవు, పనిగంటల పరిమితి పెట్టింది. ఆ మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లన్నారు. యజమాని మంచివాడైతే చట్టం గుర్తుకే రాదు. చెడ్డవాడైతే పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంటుంది. తట్టుకోలేక బయటపడితే పరారీ కేసు. అలాంటివాళ్లు ఏళ్ల తరబడి దొంగచాటుగా పనిచేసి, క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ తీసుకుని ఇంటికొస్తారు. 2018లో ఒకసారి, 2024లో మార్చి నుంచి జూను దాకా ఒకసారి అలా తలుపు తెరిచారు.

మసీదు పక్కన టీకొట్టులో ఒక పెద్దాయన 1990 ఆగస్టు కథ చెప్పాడు. అప్పుడాయన కువైట్‌లో డ్రైవరు. ఇరాక్ సైన్యం వచ్చాక బ్యాంకులో దాచుకున్నది పోయింది. బస్సుల్లో జోర్డాను చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చాడు. ఆ ఏడు అలా లక్షా డెబ్బైవేలమందికి పైగా మనవాళ్లను చేర్చారు. కొన్నేళ్లకు ఐక్యరాజ్యసమితి కమిషను నుంచి డాలర్లలో నష్టపరిహారం వచ్చింది. అలా కువైట్ వదిలిపోయిన ఒక్కొక్కరికి 2,500 లేదా 4,000 డాలర్లు. "దాంతో ఇల్లు నిలబెట్టినా. మిగిలిన దాంతో కొడుకుని పంపినా" అన్నాడు.

ఎక్కడికని అడిగితే, కువైట్‌కేనన్నాడు.

నీ తమ్ముడు

మళ్లీ ఆత్మకూరు, ఆదివారం

అక్కకు,

వచ్చేటప్పుడు మర్రిపాడు వైపు తిరిగి డీసీపల్లి చూశాను. పొగాకు వేలం కేంద్రం ఉన్న ఊరు. ఇప్పుడు నాట్ల కాలం, వేలం గోదాము ఖాళీగా ఉంది. పొగాకు డబ్బు వచ్చిన ఏడు ఈ పల్లెల్లో ఇంజనీరింగ్ సీటు, రాని ఏడు బెంగళూరు పీజీ హాస్టల్లో వంటపని అని బస్సు కండక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఇక్కడ ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారింట్లో దిగాను. మేడ పెద్దది. పైఅంతస్తుకు తాళం. కొడుకు డల్లాస్‌లో, కోడలు కూడా ఉద్యోగమే. దంపతులిద్దరే కింద ఉంటారు. ఆయన బ్యాంకు పాసుపుస్తకం చదివినట్టు లెక్క చెప్పారు. కాలువ కింద మూడెకరాల మాగాణి తాకట్టు పెట్టి ఎమ్మెస్‌కు నలభై లక్షల అప్పు తీశారు. చదువయ్యాక ఓపీటీ అనే పన్నెండు నెలల పని అనుమతి, సాంకేతిక చదువు కాబట్టి ఇంకో ఇరవైనాలుగు నెలలు. ఆ మూడేళ్లలో హెచ్-1బీ లాటరీ తగలాలి. ఏటా ఇచ్చేవి 85 వేలు. మూడో తూరి తగిలింది. అప్పు తీరింది, భూమి విడిపించారు.

"అదే మెట్టచేను అయ్యుంటే ఏ బ్యాంకిచ్చేది నాయనా నలభై లక్షలు?" అన్నారాయన. నా ప్రయాణంలో విన్న మాటల్లో ఇదే అన్నిటికంటే విలువైనది.

మనవాడి ప్రశ్నకు ఇందులోనే జవాబు ఉంది, అక్కా. వాడికి చదివి వినిపించు. 1961 అక్టోబరులో హ్యాటీ తుపాను బెలీజ్ నగరాన్ని తుడిచిపెట్టింది. అప్పటికి ఆ దేశం బ్రిటిషు వలస. ఇల్లు పోయినవాళ్లు, పని లేనివాళ్లు లాస్ ఏంజెలెస్‌కూ న్యూయార్కుకూ పోయి, ముందు పోయిన చుట్టాల పక్కన చేరి, ఇళ్లల్లో, వృద్ధుల దగ్గర, ఆస్పత్రుల్లో చిన్న పనులకు కుదిరారు. దేశం చిన్నది, దగ్గరిది. పేదవాడు కూడా చేరగలిగిన దూరం. నైజీరియా సముద్రానికి అవతల ఉంది. అక్కడినుంచి విమానమెక్కగలిగింది ముందు విద్యార్థులు, 1980లలో చమురు ధర పడిపోయి జీతాలు కరిగాక డాక్టర్లు, ఇంజనీర్లు. 1990 అమెరికా చట్టం పెట్టిన వీసా లాటరీకి కూడా కనీసం హైస్కూలు చదువో, రెండేళ్ల వృత్తి అనుభవమో కావాల్సి వచ్చేది. అందుకే అమెరికాలో ఉన్న నైజీరియా పెద్దవాళ్లలో పదిమందికి ఆరుగురి పైనే డిగ్రీ ఉంది. నైజీరియాలో అలా లేదు కదా. దేశమంతా పోలేదు, గట్టెక్కగలిగినవాళ్లే పోయారు. జల్లెడ పట్టాక మిగిలిన గింజలు చూసి పంటంతా లావు గింజే అనుకోకూడదు.

మన కథా అంతే. 2023లో అమెరికాలో భారతీయుల ఇళ్ల మధ్యస్థ ఆదాయం ఏటా లక్షన్నర డాలర్లు. ఆ లెక్క చూసి తెలుగువాడి తెలివి అంటాం. కువైట్‌లో అరవై దినార్లకు అంట్లు తోమేదీ తెలుగుమనిషే. ఇక్కడ ఒకే వీధిలో పుట్టిన ఇద్దరి మధ్య తేడా తెలివిది కాదు. ఒకరింట్లో మాగాణి ఉంది, ఇంకొకరి పాస్‌పోర్టులో పదో తరగతి లేదు.

నీ తమ్ముడు

సోమశిల, మంగళవారం

అక్కకు,

డ్యాము చూడ్డానికి వచ్చి, గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. గాలికి కాగితం నిలవడం లేదు, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

ఎవరు ఎక్కువ సంపాదించారో చెప్పడానికి ఈ ప్రయాణం అక్కర్లేదు. నాకు ఆశ్చర్యం వేసింది ఇంకోచోట. తక్కువ సంపాదించినవాళ్ల డబ్బే ఈ పల్లెల్లో ఎక్కువ కనిపిస్తోంది. ఉదయగిరి చుట్టూ కొత్త స్లాబు, కొత్త ఆటో, కొత్త బోరు కనిపించి ఎవరిదని అడిగితే చాలాసార్లు కువైట్ పేరే చెప్పారు. అమెరికా పేరు చెబితే, ఆస్తి నెల్లూరులో ప్లాటో హైదరాబాదులో ఫ్లాటో అవుతోంది.

దీనికీ వీసాయే కారణం. కువైట్ తిరిగి పంపేస్తుంది. ఎన్నేళ్లు పనిచేసినా పౌరసత్వం మాటే లేదు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే 2024లో పెట్టిన నియమం ప్రకారం జీతం 800 దినార్లుండాలి. నూటపది దినార్ల వంటమనిషికి అది జరిగే పనేనా? కాబట్టి ఆవిడ మనసంతా ఊళ్లోనే. ప్రతి దినారూ ఇటే రావాలి. అమెరికా ఉండనిస్తుంది, లేదా ఉండనిస్తానని ఆశ పెడుతుంది. అక్కడ ముప్పై ఏళ్ల అప్పుతో ఇల్లు, అక్కడే పుట్టిన పిల్లలు. పంపే డబ్బు అమ్మానాన్నల మందులకూ, గుడి చందాకూ, స్థలానికీ. రిజర్వు బ్యాంకు 2023-24 సర్వేలో మన దేశానికొచ్చే సొమ్ములో అమెరికా ఒక్కటే 27.7 శాతం, గల్ఫు దేశాలు ఆరూ కలిపి సుమారు 38 శాతం. అమెరికా వాటా పెరుగుతోంది. అది పెరిగితే బ్యాంకులకు లాభమే, ఈ మెట్ట ఊళ్లకు అంత లాభమవుతుందని నాకు నమ్మకం లేదు.

అయితే అమెరికావాళ్లకు భయం లేదనుకోకు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న నియమం వల్ల, ఈబీ-2 అనే ఉద్యోగ వరసలో మనవాళ్లకు 2025 చివర్లో 2013లో దరఖాస్తు వేసినవారి వంతు నడిచింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల రుసుమన్నారు. అక్కడే చదువుతున్నవాళ్లకు వర్తించదని అక్టోబరులో చెప్పేదాకా హెడ్మాస్టరు గారి వీధిలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయట. కఫీల్ బీరువాలో పాస్‌పోర్టు ఉన్నా, కంపెనీ చేతిలో వీసా ఉన్నా, ఉద్యోగం పోతే కాలికింద నేల కదిలేది ఇద్దరికీ. కాకపోతే డల్లాస్ వాడికి వెనక్కొస్తే హైదరాబాదులో ఉద్యోగం ఉంటుంది. వంటావిడకు వెనక్కొస్తే చెక్క చెంచాల కూలి.

అందుకే వలసను ఆపాలనే మాట నాకు రుచించదు. పోయేవాళ్లు పోతారు. గీత ఎక్కడ గీశారో చూసి, దాన్ని దాటించడమే మనం చేయగలిగింది. ఆ గీత పదో తరగతి దగ్గరే ఉంది. పాసైతే నర్సింగో ఐటీఐయో చేసి వేరే వీసా మీద పోవచ్చు, ఆ చదువుతో ఇక్కడే ఉండనూవచ్చు.

నీతో ఒక పని. మీ కింది వాటాలో వాచ్‌మన్ కూతురు తొమ్మిదితో బడి మానేసిందనీ, వయసు నిండగానే కువైట్ పంపుతారనీ రాశావు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించు. ఫీజు, పుస్తకాల డబ్బు నేనిస్తాను. వాళ్ల నాన్న ఒప్పుకోకపోతే, ఖద్దామా వీసాకు ఎలాగూ ముప్పై ఏళ్లు నిండాలని చెప్పు, అంతదాకా ఖాళీగా కూర్చోబెట్టి ఏం లాభమని అడుగు. బావగారికి నమస్కారాలు. శుక్రవారం రైలుకు బయల్దేరుతున్నాను, రాత్రికి భోజనం వద్దు.

నీ తమ్ముడు