రోజాలో కూడా ఆగని తక్లీఫ్

మా ఆపా బస్సెక్కడం మానేసి అప్పటికి ఐదేళ్లు. గుంతకల్లులో ఖాలా ఇంటికి పోవాలన్నా, ధర్మవరంలో షాదీకి పోవాలన్నా రైలే కావాలనేది. "బస్సు నక్కో రే, తల తిరుగుతుంది" అంటే మేమంతా నమ్మాం. రైల్లో బాత్రూమ్ ఉంటుంది, బస్సులో ఉండదు. ఊరూరా తిరిగి జనాన్ని ప్రశ్నలడిగి బతికే జర్నలిస్టుని నేను. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

ఆపా నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నాకు అలిఫ్, బే దిద్దించింది ఆమే. ఉర్దూ మీడియంలో చదివినవాడు డిగ్రీలో తెలుగు తీసుకుంటాడా అని అబ్బా కోప్పడితే, నా తరఫున కొట్లాడింది కూడా ఆమే. నా విషయాలన్నీ ఆమెకు తెలుసు. ఆమె విషయాలు నాకు తెలుసనే అనుకునేవాణ్ని.

2014లో మొదలైంది. ఉన్నట్టుండి ముఖం, మెడ, ఛాతీ పైభాగం మంటలా వేడెక్కేవి. చాయ్ తాగినా, దావత్‌లో నాలుగు ముద్దలు తిన్నా, ఎవరితోనైనా మాటామాటా అనుకున్నా అంతే. ఆపాది చామనఛాయ, ఎరుపు పైకి కనపడదు. "గర్మీ" అనేది. అనంతపురంలో ఏప్రిల్ నెలలో గర్మీ అంటే ఎవరు పట్టించుకుంటారు? ఆ వేడికి చెమట పట్టేది కాదు. ఆ తేడా కూడా ఎవరం అడగలేదు. కొన్నాళ్లకు పిల్లికూతల ఆయాసం తోడైంది. కడుపు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక డాక్టరు నెలసరి ఆగే వయసు కదా అన్నాడు. ఇంకొకరు గ్యాస్ అన్నారు. మూడో ఆయన ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశాడు. హకీమ్ సాబ్ సఫూఫ్ పొట్లాలిచ్చాడు. అమ్మీ పెనుకొండ బాబా దర్గాకు మొక్కుకుంది. ఎవరి చేతికి ఏ ముక్క దొరికితే దానికొక పేరు పెట్టారు.

మేం కూడా ఒక పేరు పెట్టాం. రంజాన్‌లో ఆపా తరావీహ్ నమాజ్ మధ్యలో నాలుగైదుసార్లు లేచి మళ్లీ వుజూ చేసుకునేది. "ఆపాకు వస్‌వసా పట్టింది, వుజూ ఉందో లేదో అని ఎప్పుడూ షక్కే" అని పిల్లలు నవ్వేవాళ్లు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

2018 మార్చిలో ఇర్ఫాన్ ఖాన్ తనకేదో అరుదైన బీమారీ వచ్చిందని చెప్పాడు. మెదడులో గడ్డ అని పుకార్లు లేచాయి. మార్చి 16న ఆయనే అసలు పేరు బయటపెట్టాడు: న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్. న్యూరో అన్నంత మాత్రాన అది మెదడుకు సంబంధించిందే కానక్కర్లేదని కూడా చెప్పాడు. ఆ రాత్రి డెస్క్‌లో ఆ వార్త పక్కన వేయడానికి చిన్న బాక్స్ ఐటమ్ రాసింది నేనే. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ, పేగుల్లో, పాంక్రియాస్‌లో, ఊపిరితిత్తుల్లో ఎక్కువగా వస్తుంది, కొందరిలో ముఖం వేడెక్కడం, విరేచనాలు, ఆయాసం ఉంటాయి అని రాశాను. ఒంటిగంటకు ఇంటికొచ్చాను. ఆపా వాళ్లది మా పై పోర్షన్. పైన బాత్రూమ్‌లో లైటు వెలుగుతోంది. ఒకసారి తలెత్తి చూసి, తాళం తీసుకుని లోపలికి పోయి పడుకున్నాను.

మరుసటి ఏడాది పక్కటెముకల కింద నొప్పి అంటే స్కాన్ తీశారు. లివర్ నిండా మచ్చలు. బెంగళూరులో ఒక పెద్ద దవాఖానాకు తీసుకుపోయాం, రైల్లోనే. రంజాన్ వెళ్లి నెల కూడా కాలేదు. డాక్టరమ్మ కాగితాలన్నీ పక్కన పెట్టి ఆపాను అడిగింది: "రోజాలు ఉన్నారా? పగలంతా ఏమీ తిననప్పుడు విరేచనాలు ఆగాయా?"

ఆపా నా వైపు చూసింది, బావ వైపు చూసింది, తల దించుకుంది. "లేదమ్మా. మగ్రిబ్ దాకా చుక్క నీళ్లు ముట్టను. అయినా ఐదారుసార్లు."

చాలావరకు తిండి వల్ల వచ్చే విరేచనం తినడం ఆపితే తగ్గుతుందట. పేగుల్లోకి హార్మోనే నీళ్లు తోడిపోస్తుంటే ఉపవాసమున్నా ఆగదట. ప్రతి రంజాన్ మా ఇంట్లో ముప్పై రోజులు ఆ పరీక్ష జరుగుతూనే ఉంది. రిజల్ట్ చూసినవాళ్లు లేరు.

ఒకరోజు మొత్తం మూత్రం క్యాన్‌లో పట్టి ఇమ్మన్నారు. దానికి ముందు కొన్ని రోజులు అరటిపండు, అనాస, అక్రోట్, టమాటా ముట్టకూడదు, లెక్క తప్పుతుంది. బయాప్సీ అయింది. గాలియం పెట్ స్కాన్‌లో గడ్డ పుట్టిన చోటు దొరికింది, చిన్నపేగు చివర. గ్రేడ్ 1, అంటే నిదానంగా పెరిగే రకం. పేగులోని గడ్డ వదిలే సెరొటోనిన్‌ను లివర్ ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంది, అందుకే ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. గడ్డ లివర్‌లోకి పాకాక ఆ కాపలా తప్పిపోయి ఒళ్లంతా మంటలు మొదలవుతాయి. ఆపా "గర్మీ" అన్న మొదటి రోజుకే అది లివర్‌కు చేరి ఉంటుందని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది.

కరువు మీద ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను. తుఫానుకు ఫోటో దొరుకుతుంది, కరువుకు దొరకదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మాది. వేరుశనగ చేను రోడ్డు మీంచి పచ్చగానే కనిపిస్తుంది. దిగి చెట్టు పీకి చూస్తే ఊడలు దిగి ఉండవు, కాయ ఉండదు. నిదానంగా వచ్చేదాన్ని "ఏమీ లేదు" అనుకోవడం మాకు బాగా అలవాటు.

ఈ బీమారీకి మొదట పేరు పెట్టిన డాక్టరు కూడా అలాగే అనుకున్నాడు. 1907లో జర్మన్ డాక్టర్ ఓబర్న్‌డార్ఫర్ దీన్ని "కార్సినాయిడ్" అన్నాడు, క్యాన్సర్‌లాంటిదే కానీ క్యాన్సర్ కాదని. 1929లో తానే, ఇవి ప్రమాదకరంగా మారి పాకగలవని దిద్దుకున్నాడు. యూదుడని 1933లో నాజీలు ఉద్యోగంలోంచి తీసేస్తే ఇస్తాంబుల్ ఆయనకు పనాహ్ ఇచ్చింది, అక్కడే పాఠాలు చెబుతూ 1944లో కన్నుమూశాడు. తన తప్పును తానే దిద్దుకున్న మనిషి. నేను కూడా ఇవాళ అదే పని చేస్తున్నాను.

పేగులోని గడ్డను ఆపరేషన్ చేసి తీశారు. మత్తు ఇచ్చేటప్పుడు హార్మోన్లు ఒక్కసారిగా ఎగదన్ని బీపీ పడిపోవచ్చని ముందే ఆక్ట్రియోటైడ్ ఎక్కించారు. ఏ ఆపరేషన్‌కు పోయినా ఈ సంగతి డాక్టరుకు ముందుగా చెప్పాలి. లివర్‌లోవి తీయలేమన్నారు. ఇప్పుడు 28 రోజులకొకసారి పిరుదుకు ఇంజెక్షన్. మన ఒంట్లో హార్మోన్లను అదుపు చేసే సొమాటోస్టాటిన్‌కు అది నకలు. గడ్డ కణాల మీదున్న తాళాల్లో సరిగ్గా పడే తాళంచెవి లాంటిది. హార్మోన్‌ను ఆపుతుంది, గడ్డ పెరగడాన్నీ నిదానం చేస్తుంది. ఇది పనిచేయకపోతే అదే తాళంచెవికి లుటీషియం కట్టి రేడియేషన్‌ను గడ్డ దగ్గరికే పంపే ఇలాజ్ ఉంది. గుండె కుడివైపు కవాటాలు దెబ్బతినొచ్చు కాబట్టి ఎకో తీయిస్తుంటాం. ఇంజెక్షన్ ధర విన్నరోజు బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత స్కూటర్ అమ్మేశాడు.

2020 ఏప్రిల్ 29, లాక్‌డౌన్, రంజాన్ నెల. ఇర్ఫాన్ పోయాడు. నాలుగు రోజుల ముందే జైపూర్‌లో ఆయన అమ్మీ పోయింది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర ఆపా అడిగింది: "నాదీ అదే కదా?" ఖాందాన్ పేరు ఒకటే గానీ అందులో పరుగెత్తేవి ఉంటాయి, పాకేవి ఉంటాయి, నీది పాకేది అన్నాను. ఖర్జూరం చేతిలో పట్టుకుని కాసేపు ఆగి, "అయితే పాకనీ" అంది.

ఇప్పటికీ పాకుతూనే ఉంది, అల్హందులిల్లాహ్. విరేచనాలు రోజుకు ఒకటి రెండుకు తగ్గాయి. అడపాదడపా కడుపు తిప్పుతుంది, అప్పుడు నమాజ్ గురించి బెంగ. ఇంతకాలం షర్మ్ వల్ల ఏ ఆలిమ్‌నూ అడగలేదట. నేనే పోయి అడిగాను. వుజూ నిలవనంత తక్లీఫ్ ఉన్నవాళ్లు మాజూర్ అని, అలాంటివాళ్లకు నమాజ్ వక్త్‌కు ఒక వుజూ సరిపోతుందని హజ్రత్ రెండు నిమిషాల్లో చెప్పారు. అది విని ఆపా ఏడ్చింది. బయాప్సీ రిపోర్టు వచ్చినరోజు కూడా ఏడవలేదు.

కడుపు తిప్పిన ప్రతివాళ్లకూ ఇదే ఉందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఇది అరుదైన బీమారీ. కానీ నెలల తరబడి ఆగని విరేచనం, చెమట పట్టని వేడి, ఈ రెండూ కలిసి ఒకే మనిషికి ఉంటే డాక్టరుకు రెండూ కలిపి చెప్పండి. మన ఆడవాళ్లు చెప్పుకోలేకపోతే మనమే అడగాలి. ఈసారి రంజాన్‌లో మీ ఇంట్లో ఎవరైనా పదేపదే వుజూకు లేస్తుంటే నవ్వకండి. పక్కన కూర్చుని, ఏం తక్లీఫ్ అని అడగండి.

ఆపాకు వచ్చే మంగళవారం ఇంజెక్షన్. దువాలో యాద్ ఉంచుకోండి.