మన్యం కథలో హీరో ఎవరు, విలన్ ఎవరు?



'అల్లూరి సీతారామరాజు' సినిమా 1974లో వచ్చింది. కృష్ణ గారి నూరో సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోప్. షూటింగ్ ఎక్కువగా చింతపల్లి వైపు కొండల్లోనే చేశారు. టీవీలో వేస్తే హాస్టల్లో మేమంతా ఇప్పటికీ కూర్చుని చూస్తాం. కృష్ణ గారి చూపు, మాట మాకూ ఇష్టమే. ఇది ఆ సినిమాని తిట్టే పోస్టు కాదు.

ఒక్కటి గమనించండి. అందులో హీరోకి ఎంత మర్యాద ఉందో విలన్‌కీ అంత ఉంది. రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య గారు వేశారు. వెకిలిగా నవ్వే విలన్ కాదు, ఎదుటివాడి గొప్పతనం తెలిసిన శత్రువు. విలన్ ఎంత ఎత్తున ఉంటే హీరో అంతకంటే ఎత్తు కనిపిస్తాడు. చివర్లో ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుతుంటే ఒళ్లు జలదరించేది అందుకే.

మరి మనవాళ్లు? ఆ ఇద్దరి మధ్య విల్లంబులు పట్టుకుని నిలబడతారు. హీరో మైదానం నుంచి వచ్చాడు, విలన్ సముద్రం అవతల నుంచి వచ్చాడు. కొండ మాత్రం మనది.

గాం గంటం దొర బట్టిపనుకుల మునసబు. బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు వల్ల ఆ పదవి పోయింది. నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు పనిలో మనవాళ్ల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించింది కూడా అతనే. 1882 మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడుకి అడ్డం పడింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద పడ్డవాళ్లు ఈ బాధలన్నీ పడ్డవాళ్లే. రాజు గారు దారి చూపారు, ఆ గొప్పతనం ఎక్కడికీ పోదు. కానీ కోపం మనవాళ్లదే.

సినిమాకి ముఖం ఉన్న విలన్ కావాలి. చట్టానికి ముఖం ఉండదు కదా. రూథర్‌ఫర్డ్ వెళ్లిపోయాడు, అడవి మీద కాగితం పెత్తనం మాత్రం పోలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అయినా మా అమ్మానాన్నలు పోడు పట్టా కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

హీరో చనిపోతే సినిమా అయిపోతుంది. 1924 మే 7 తర్వాత మన కథ అయిపోలేదు. మరుసటి నెలలో గంటం దొర పోలీసుల చేతిలో ప్రాణం వదిలారు. ఆయన తమ్ముడు మల్లు దొర అండమాన్ జైలుకి వెళ్లి, తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు. జైలు నుంచి పార్లమెంటు దాకా! ఇంతకంటే హీరో కథ ఏముంటుంది?

కాలేజీ ఫంక్షన్ వస్తే మమ్మల్ని ఈకలు పెట్టుకుని హీరో వెనకాల డాన్సు చేయమంటారు. ఈసారి మల్లు దొర నాటకం వేస్తామని అడగబోతున్నాం.

మీరూ ఒక పని చేయండి. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ముసలివాళ్లని అడగండి, పితూరీలోకి మన ఊరి నుంచి ఎవరెళ్లారని. ఒక్క పేరు దొరికినా రాసి పెట్టండి. వాళ్లు గుంపు కాదు, ఒక్కొక్కరికీ ఒక పేరుంది.

జై ఆదివాసీ.