తంగేడు పీకొద్దు, జిల్లేడు కొట్టొద్దు



గ్రూపులో చాలామంది అడుగుతాండారు, "ఆదివారం వస్తే మీరు చేసే ఆ పిచ్చిమొక్కల పని ఏంది?" అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి రాస్తున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేము ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో చదువుకుంటున్న యానాది, ఎరుకల, సుగాలి పిల్లలం. మూడు ఊర్లలో మూడు చిన్న జాగాలు చూసుకుంటున్నాం. ఒకటి హాస్టల్ గోడ వెనక, ఒకటి కాలువ గట్టున, ఒకటి తండా గుడి పక్కన. ఒక్కోటి రెండు మూడు సెంట్లకు మించదు. అందులో రోజాలు, క్రోటన్లు ఉండవు. తంగేడు, తుమ్మి, జిల్లేడు, వెంపలి, వావిలి, రేగు, కానుగ, ఒక మూల కరివేపాకు, అంతే. ఇవన్నీ తేనెటీగలకు, తుమ్మెదలకు, సీతాకోకచిలుకలకు తిండి పెట్టే మొక్కలు.

ఈగలకు తిండి పెడితే మనకేం వస్తుంది అంటారు. న్యాయమైన ప్రశ్నే. మన జిల్లా పంటలనే చూద్దాం. పులివెందుల అరటికి తేనెటీగ అవసరం లేదు, మనం తినే అరటి విత్తనం లేకుండానే కాయ కడుతుంది. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ కూడా దాని పువ్వులో అదే పరాగ సంపర్కం చేసుకుంటుంది. కానీ పొద్దుతిరుగుడు అట్లా కాదు. ఈగలు తక్కువైతే పువ్వు ఇంత పెద్దది ఉన్నా లోపల తాలు గింజలే. అందుకే పూత మీదున్నప్పుడు పొద్దున పూట చేతికి మెత్తని గుడ్డ చుట్టుకుని పువ్వు మీద మెల్లగా రుద్దమని వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్తారు. అంటే తేనెటీగ ఊరికే చేసే పనిని మన అమ్మలు, అక్కలు కూలికి పోయి చేయాలి. దోస, కర్బూజ, గుమ్మడి, సొర, ఉల్లి విత్తనం, ఇవన్నీ ఈగల మీద ఆధారపడినవే. ప్రపంచంలో ముఖ్యమైన ఆహార పంటల్లో 75 శాతానికి పైగా ఎంతో కొంత ఈ పురుగులు, పక్షులు, గబ్బిలాల మీదే ఆధారపడతాయని 2016లో ఐక్యరాజ్య సమితి తోడ్పాటుతో పనిచేసే శాస్త్రవేత్తల బృందం తేల్చింది. చేను మనది కాకపోయినా ఆ చేనులో కూలి మనది.

ఇక ఆ మొక్కలే ఎందుకంటే, ప్రతిదానికీ ఒక లెక్క ఉంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అది కూడా సన్నని రంధ్రాలున్న తిత్తుల్లో దాక్కుని ఉంటుంది. తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిరించాల, అప్పుడే ఆ పొడి రాలుతుంది. జిల్లేడు విషం అని కనపడ్డ చోటల్లా కొట్టేస్తారు. కానీ నారింజ రంగు రెక్కలకు నల్ల అంచులుండే సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది దాని ఆకుల మీదే. కరివేపాకు మీద కనపడే పచ్చ గొంగళి కూడా రేపు సీతాకోకచిలుకే. చీనీ తోటలో రైతు దాన్ని పురుగు అంటాడు, ఆయన బాధ ఆయనది. అందుకే దానికి మా జాగాలో ఒక మూల వదిలినాం.

కంపచెట్టు సంగతి కూడా చెప్పాల. మనం సర్కారు తుమ్మ అనేది ఈ దేశపు చెట్టు కాదు. 1877లో విత్తనాలు విదేశం నుంచి తెప్పించి మన కమలాపురం దగ్గర నాటినారు. దేశంలో దాన్ని మొదట నాటిన చోట్లలో అదొకటి. దాని పూతకు ఈగలు వస్తాయి, అబద్ధం చెప్పకూడదు. కట్టెకు, బొగ్గుకు మనోళ్ళే వాడతారు. కానీ అది వంకలో చేరితే రేగు, తంగేడు లేవవు. సంవత్సరమంతా ఏదో ఒక పువ్వు ఉండాలంటే పది రకాల చెట్లు కావాల.

ఒకచోట మా జాగాకు కష్టం వచ్చింది. పెద్ద మనుషులు ఎవరో చూడటానికి వస్తున్నారని, "అడివి మాదిరి ఉంది, శుభ్రం చేయండి" అని గడ్డి మందు కొట్టించినారు. రెండు రోజుల్లో తుమ్మి మొత్తం మాడిపోయింది. శుభ్రం అంటే ఒట్టి నేల అని వాళ్ళ లెక్క. నిజానికి తేనెటీగ జాతుల్లో చాలా మటుకు పట్టు పెట్టవు, నేలలో బొరియ చేసుకుని ఒంటరిగా బతుకుతాయి. తుమ్మెదకు ఎండిన మాను కావాల. అందుకే మేము కొంత నేల తవ్వకుండా, ఒక ఎండు దుంగ తీయకుండా వదిలేస్తాం. ఆ వానలకు తుమ్మి మళ్ళీ మొలిచింది. ఈసారి పోయి కూర్చుని మాట్లాడి, మందు కొట్టబోమని ఒప్పించుకున్నాం.

ఇదంతా మాకు పుస్తకాల్లో మొదలు కాలేదు. కంప మీద పట్టే చిన్న తేనె, పుట్టలో, తొర్రలో పట్టే పుట్టతేనె, కొండ చరియకు పట్టే పెద్ద తేనె, ఏది ఏ పూతకు వస్తుందో తాతలు చెప్పినారు. పట్టు మొత్తం కోయొద్దు, పిల్ల ఉన్న భాగం వదిలేయి అన్నారు. అది చదువు కాదా? అదే మనుషులను నేరస్థ తెగల చట్టం కింద పెట్టి, ఊరు దాటితే దొంగ అన్నారు. ఆ చట్టం 1952లో పోయింది, చూపు ఇంకా పోలేదు. కాలువ గట్టున కొడవలితో కనపడితే "మీరెవరు, యాడోళ్ళు?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అయినా పోతున్నాం, పట్టపగలే పోతున్నాం.

ఇంకో మాట. మన జిల్లాలో షెడ్యూల్డు ఏరియా లేదు కాబట్టి అడివి మీద మనకు ఏ హక్కూ లేదని చాలామంది అనుకుంటున్నారు. తప్పు. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డు ఏరియాకు మాత్రమే కాదు. తరతరాలుగా ఏరుకుంటున్న చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద సెక్షన్ 3(1)(సి) హక్కు ఇస్తుంది, ఆ జాబితాలో తేనె, మైనం పేరుతో సహా ఉన్నాయి. కాగితం మీది హక్కు సరే, కొండలో పువ్వే లేకపోతే తేనె యాడిది? మొక్కా కావాల, హక్కూ కావాల.

మీ ఊర్లో మొదలు పెట్టాలంటే డబ్బు అక్కర్లేదు. ఎండాకాలంలో కానుగ, తంగేడు కాయలు ఏరిపెట్టుకోండి. తొలకరికి విత్తండి. మొదటి ఎండాకాలం ఒక్కటి వారానికి రెండు బిందెలు పోస్తే చాలు, తర్వాత అవే బతుకుతాయి. మందు కొట్టనీయొద్దు. ఇంట్లో తాతను, అవ్వను అడిగి ఆ మొక్కకు మీ భాషలో పేరు రాసుకోండి, ఎరుకల, లంబాడీ మాటలు అయితే మరీ మంచిది. ఆ పేర్లు కింద కామెంట్లలో పెట్టండి, అన్నీ ఒకచోట చేర్చి గ్రూపులో ఉంచుతాం. విత్తనాలు కావాల్సినోళ్ళు కూడా అడగండి, మా దగ్గర తంగేడు దండిగా ఉంది.