దత్తమండలము

గడచిన మాఘమాసారంభమున ఒకనాడు మా పాఠశాలలో చరిత్రము చెప్పెడి ఉపాధ్యాయులు సెలవు పుచ్చుకొనుటచే వారి తరగతి మా నెత్తిన బడినది. మేము చదివినది సంస్కృతము, చెప్పునది ఇంగ్లీషు. అయినను నలువది యేండ్లు దాటిన పంతులు పిల్లల యెదుట ‘నాకు రాదు’ అనుట యెట్లు? గోడమీది పటమును విప్పి, ఉత్తర దక్షిణ అమెరికాలకు నడుమ సన్నని నడికట్టువలె నున్న దేశములను చూపి, అందులో నికరాగువా కథ నెత్తుకొంటిమి.

1823లో అమెరికా సంయుక్తరాష్ట్రముల అధ్యక్షుడు జేమ్స్ మన్రో, ఆ ఖండములయందు ఐరోపా రాజులు ఇకమీదట క్రొత్తగా అడుగు మోపరాదని చాటెను. ఆ మాట అప్పటికి చల్లగానే యుండెను. 1904 నాటికి దానికి వేఱొక యర్థము పుట్టినది: ఇరుగుపొరుగు చిన్నదేశములు అప్పులు తీర్పకున్నను, క్రమము తప్పినను, మేమే వచ్చి చక్కబెట్టుదుమని. 1911 మొదలు నికరాగువా రేవుల సుంకములను ఆ పెద్దదేశమువారి యామోదము పొందిన అధికారి వసూలు చేయసాగెను. 1912లో వారి నావికాసైనికులు దిగిరి. నడుమ కొలదికాలము తప్ప 1933 జనవరి వరకు వారు కదలలేదు. పోవునప్పుడు తాము తర్ఫీదిచ్చిన నేషనల్ గార్డు అను సైన్యమును ఆ దేశమున విడిచిపోయిరి. పరసైనికులతో ఆఱేండ్లు కొండలలో పోరాడిన సాండినో, సంధి కుదిరిన పిమ్మట అధ్యక్షుని యింట విందారగించి వెలుపలికి వచ్చుచుండగా, 1934 ఫిబ్రవరి 21 రాత్రి ఆ గార్డువారే పట్టుకొని కాల్చి చంపిరి. ఆతని శవమును ఎచ్చట పూడ్చిరో లోకమునకు తెలియకుండ జేసిరి. గార్డు నాయకుడు సొమోజా 1937లో తానే గద్దె నెక్కెను. ఆ కుటుంబము 1979 వరకు దిగలేదు.

పాఠము బాగుగనే నడచినదని మురియుచుండగా వెనుక వరుసలోని యొక బాలిక లేచి, “అయ్యవారూ, ఈ మన్రోయేనా మన మన్రో దొర?” అని యడిగినది.

తరగతి యంతయు నవ్వినది. మేమును నవ్వితిమి. “కాదమ్మా. మన మన్రో థామస్, స్కాట్లాండువాడు. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరు. పిమ్మట చెన్నపట్టణమునకు గవర్నరై, 1827 జూలై 6వ తేదీన మన పత్తికొండలోనే విషూచిచే మరణించెను” అని చెప్పితిమి. ఆ పిల్ల కూర్చుండలేదు. “దత్తమండల మనగా నేమండీ?” “ఇయ్యబడిన దేశము.” “ఎవరిచ్చిరి? ఎందుకిచ్చిరి? మనలను అడిగియే యిచ్చిరా?” అంతలో గంట కొట్టినారు. ఉపాధ్యాయునకు గంటను మించిన ఆప్తబంధువు లేడు.

కాని యింటికి వచ్చిన పిమ్మట ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ‘దత్త’ యనునది క్త ప్రత్యయాంతము. కర్మను పట్టుకొని కర్తను దాచుటకు అంతకంటె అనువైన రూపము సంస్కృతమున లేదు. ఇంగ్లీషువారి మాటయు నట్టిదే. ఇచ్చినవానిని, పుచ్చుకొన్నవానిని మింగివైచి, ఇయ్యబడినదానిని మాత్రము మిగుల్చును. బాల్యము నుండి ఆ మాటను వేలమారులు పలికియుంటిమి. వ్యాకరణము తెలిసియు అందలి కర్త యెవరని మేమెన్నడు నడుగలేదు.

కర్తను వెదుకుదము. నిజామునకు హైదరాబాదున ఫ్రెంచి దొరల చేతిక్రింద నొక పటాలముండెను. 1798లో ఇంగ్లీషు కంపెనీవారు దానిని తీసివేయించి, తమ ఆఱు పటాలములను రక్షణకొఱకు నిజామునొద్ద నిలిపిరి. ఆ రక్షణకు వెల యేటికి సుమారు 24 లక్షల రూపాయలు. సైన్యము కంపెనీది, సేనానులు కంపెనీవారు, ఆజ్ఞ కంపెనీది. జీతము మాత్రము నిజాముది. 1800 అక్టోబరులో క్రొత్త సంధి చేసి ఆ సైన్యమును పెంచిరి. ఇక ఏటేట రొక్కము చెల్లించు బాధ యుండకుండ భూమినే పుచ్చుకొనిరి. బళ్లారి, అనంతపురము, కడప సీమలును, కర్నూలు సీమలో కొంతయు అట్లు పోయినవి. పోనీ, ఆ భూమియైనను నిజామునకు తాతలనాటి సొత్తా? టిప్పూతో జరిగిన యుద్ధములలో పాలుపంచుకొన్నందులకు 1792లో కొంత, 1799లో కొంత వచ్చినది. కొన్ని తాలూకాలు ఆయన చేతిలో నున్నది ఒక్క సంవత్సరమే. సంతలో కొన్న యెద్దును ఇంటికి తోలుకొని పోకమునుపే అప్పులవానికి అప్పగించినట్లున్నది. ఎద్దు నడుగుట యెక్కడనైన గలదా?

నికరాగువాలో సుంకము, ఇచ్చట శిస్తు. అచ్చటను ఇచ్చటను పరదేశపు సైన్యము గోడలు బ్రద్దలుకొట్టుకొని రాలేదు. ఇంటివాడే తలుపు తీసి పిలిచెను. వచ్చినవాడు కూలి యడిగెను. కూలి పెరిగి అప్పాయెను. అప్పునకు ఇల్లు పోయెను. నిజామునకు అప్పటికిని బుద్ధి రాలేదనుటకు బీరారే సాక్షి. మఱియొక సైన్యపు జీతము బాకీపడి 1853లో ఆ సీమను కంపెనీ కప్పగింపవలసి వచ్చెను.

ఇచ్చట మన్రో దొరనుగూర్చి న్యాయము చెప్పవలెను. ఆయన వచ్చునప్పటికి ఈ సీమలో ఎనుబదిమంది పాలెగాండ్రుండిరి. వారిలో ప్రజలను పీడించినవారు లేకపోలేదు. సేనాని క్యాంబెల్ పటాలములతో తిరిగి కోటలను పడగొట్టగా, మన్రో వెనువెంట తిరిగి డేరాలలో గూర్చుండి రైతుతో ముఖాముఖిగా పన్ను కట్టెను. తెలుగు నేర్చెను. కొందఱు బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. మంచివాడనియే మేమును నమ్ముచున్నాము. అయితే ఆ మంచివానిని ఎన్నుకొన్నది మనము కాము, వలదనుటయు మన చేతిలో లేదు. ఆయన తరువాత వచ్చినవారందఱు మంచివారు కాకపోయినప్పుడు ఎవరితో మొఱపెట్టుకొనవలెనో ఆ మన్రోలప్పలకు తెలియదు.

మా నంద్యాల, శిరివెళ్ల ప్రాంతములును శ్రీశైలమును మాత్రము కర్నూలు నవాబు క్రింద మఱి నలువది యేండ్లుండెను. 1839లో నవాబు గులాం రసూల్ ఖాను ఆయుధములను కూడబెట్టి కుట్ర పన్నుచున్నాడని కంపెనీసేన వచ్చి, జోరాపురమువద్ద పోరాడి ఆయనను పట్టుకొనెను. తిరుచిరాపల్లికి పంపగా అచ్చటనే 1840లో హత్యపాలయ్యెను. 1858లో జిల్లా యేర్పడువఱకు కర్నూలు సీమ కంపెనీ నియమించిన కమీషనరు, ఏజెంటుల చేతిలో నుండెను. ‘దత్తమండల’ మను పేరును విడిచి ‘రాయలసీమ’ యని పిలుచుకొనవలెనని చిలుకూరి నారాయణరావుగారు సూచించి, సభవారు మెచ్చినది 1928లో నంద్యాలలోనే. పేరు మార్చుకొనుటకు నూటయిరువదెనిమిది యేండ్లు పట్టినది!

శివరాత్రికి మేము ప్రతి యేడును ఆత్మకూరు మీదుగ శ్రీశైలమునకు కాలినడకను పోవుదుము. బస్సులున్నవి కదా యని మా యింటివారు వారింతురు గాని, నల్లమల లోపల నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారము చేరినప్పటి సుఖము బస్సులో లేదు. ఈ యేడు పెచ్చెరువుకడ రాత్రి నెగడు చుట్టు గూర్చున్నవారిలో ఆ బాలికయు, ఆమె అవ్వయు కనబడిరి. పిల్ల మమ్ము చూచి, “అయ్యవారూ, ఆనాటి ప్రశ్నకు జవాబు చెప్పలేదు” అన్నది. అచ్చట గంట కొట్టువారు లేరు. పై చెప్పిన కథ యంతయు చెప్పితిమి. అవ్వ వినుచు వినుచు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు రాగానే తల యెత్తినది.

ఆ కథ మా ప్రాంతమువారికి క్రొత్త కాదు. 2019లో చలనచిత్రముగ గూడ వచ్చినది. కాని చిత్రములోని కత్తియుద్ధములకంటె లెక్కపుస్తకములోని యంకె మాకు ముఖ్యముగ దోచును. పాలెములు పోగొట్టుకొన్న కుటుంబములకు కంపెనీవారు తవర్జీ యను భరణ మిచ్చుచుండిరి. నరసింహారెడ్డి పాలు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సము వంశమున వారసులు లేరని అచ్చటి తవర్జీ నిలిపివేసిరి. కట్టుబడులు, అనగా జీతమునకు బదులు మాన్యము ననుభవించుచు ఊళ్లకు కావలియున్నవారు, 1846లో ఆ మాన్యములును పోగొట్టుకొనిరి. ఆ కట్టుబడులే రెడ్డి వెంట నడచిరి. ఆ యేడు జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై బడిరి. గిద్దలూరువద్ద కంపెనీసేనతో పోరిరి. ఈ నల్లమలలోనే తలదాచుకొనిరి. అక్టోబరులో పెరుసోమల కొండలలో రెడ్డి పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కలెక్టరు కాక్రేను ఎదుట, వేలజనులు చూచుచుండగా ఉరితీసిరి. తలను కోట బురుజుపై వ్రేలాడదీసి 1877 వఱకు, ముప్పది యేండ్లు, అట్లే యుంచిరి. సాండినో శవమును దాచినవారికిని, ఈ తలను దాపక ముప్పది యేండ్లు చూపినవారికిని పని యొక్కటే, విధములు వేఱు.

అవ్వ నెగడులో పుల్ల యెగద్రోసి, “రెడ్డి వెంట పోయినోళ్లలో మావోడొగడున్న్యాడంట సామీ. కట్టి జైలుకు తోలినారంట. మళ్ల రాల్యా. పేరు గూడా మాకు తెల్దు” అన్నది.

మాకు నోట మాట రాలేదు. ఏలనగా మా యింట నొక కథ కలదు. మా తాతగారి తాతగారు ఆ దినములలో కంపెనీ కచ్చేరీలో వ్రాయసకాడు. ఆయన యక్షరములు ముత్యములవలె నుండునని దొరలు మెచ్చెడివారట. పట్టుబడినవారి వాఙ్మూలములను రాత్రింబవళ్లు వ్రాసి వ్రాసి ఆయన బొటనవ్రేలు వాచెనని మా నాయనమ్మ గొప్పగా చెప్పెడిది. ఆ జీతముతో కొన్న చేనిని అమ్మియే మా తండ్రిగారు మమ్ము కాలేజీకి పంపిరి. వాచిన వ్రేలిని తలచుకొంటిమి గాని, ఆ వ్రేలు వ్రాసిన మనుష్యులను మా యింట నెవ్వరును తలచిన జాడలేదు. కాళిదాసును, షేక్స్పియరును చదువుటకు ఆ చేను పనికివచ్చినది.

చెప్పక దాటవేయవచ్చును. నెగడు వెలుతురులో ఎవరి ముఖము నెవరికిని సరిగ కానరాదు. అయినను చెప్పితిమి. చెప్పునప్పుడు మా గొంతు తరగతిలోని గొంతు కాకపోయెను. అవ్వ చాలసేపు పలుకలేదు. మా చెంత నుండి లేచిపోవునేమో యని తలచితిమి. ఆ పిల్లయే, “అయితే అయ్యవారూ, మీ తాతగారు వ్రాసిన కాగితములలో మా వాని పేరుండవచ్చునా?” అని యడిగినది.

ఉండవచ్చును. ఆనాటి రాజధానికాగితములు పెక్కు చెన్నపట్టణమున ఎగ్మూరులోని పత్రభాండాగారమున భద్రముగ నున్నవి. అంతమాత్రము చెప్పితిమి.

“ఉంటే రాసుకోని రాండి సామీ,” అన్నది అవ్వ. “పెద్దలకు పెట్టుకునేటప్పుడు వాని పేరొగటి రాదు. ‘పోయినోడా’ అని పెడతాండాము.”

తెల్లవారుజామున బయలుదేఱితిమి. భీముని కొలను దిగి యెక్కునప్పుడు అవ్వకు ఆయాసము వచ్చి రెండుమూడు చోట్ల కూర్చున్నది. ఆ విరామములలో మేము వారి ఊరిపేరును, ఇంటిపేరును, ఆమెకు జ్ఞాపకమున్నంతవఱకు తాతముత్తాతల పేర్లను మా జేబుపుస్తకములో వ్రాసికొంటిమి. వ్రాయుచుండగా పిల్ల మా చేతివైపు చూచి, “మీ యక్షరములును ముత్యములవలెనే యున్నవి” అన్నది. మేము పుస్తకమును మూసి జేబులో వైచుకొంటిమి. వేసవిసెలవులు ఏప్రిల్ చివర మొదలగును. చెన్నపట్టణమునకు బండి టిక్కెట్టు తీసికొని యున్నాము.